9 వాట్ల మీద ఇంత కోపమా?

ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినం వస్తుంది. బడిపిల్లలు బల్బు బొమ్మ గీసి, కింద స్విచ్ ఆపమని రాస్తారు. మిగతా రోజుల్లో ఇంట్లో పెద్దలదీ అదే పాట: గదిలోంచి వస్తూ లైటార్పనివాడు దుబారా మనిషి, ఆర్పినవాడు పొదుపరి. కరెంటు ఆదా అంటే మనిషి క్రమశిక్షణే అన్న ఈ నమ్మకం 60 వాట్ల గుండు బల్బుల కాలంలో కొంత నిజం. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీ ధర దిగొచ్చి ఆ కాలం పోయింది. హైదరాబాద్ నాగోల్ అపార్టుమెంట్లలో ఇప్పుడు గుండు బల్బు కనబడటమే అరుదు. 9 వాట్ల ఎల్‌ఈడీ రోజూ నాలుగు గంటలు ఊరికే వెలిగినా నెలకు అయ్యేది ఒక యూనిట్. మన కోపమంతా ఆ ఒక్క యూనిట్ మీదే ఖర్చయిపోతోందన్నది నా అభ్యంతరం.

ఇంట్లో కరెంటు అసలు ఖర్చయ్యేది వేడి చేయడానికి, చల్లబరచడానికి, నీళ్లు ఎత్తడానికి, గాలి కదపడానికి. 20 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 40కి కాచడానికి మూడో వంతు యూనిట్ పైనే పడుతుంది. ఆ కరెంటుతో మన 9 వాట్ల బల్బు ఒకటిన్నర రోజు ఆరకుండా వెలుగుతుంది. ఇక నీళ్ల సంగతి. ఎల్‌బీనగర్ వైపు కాలనీలకు సాహెబ్‌నగర్ రిజర్వాయర్ మీదుగా వచ్చేది కృష్ణా నీరు. ఆ నీళ్లు బయలుదేరే నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది సముద్ర మట్టానికి 500 మీటర్లకు అటూఇటూ. ఎక్కడా రవ్వంత నష్టం లేకుండా ఎత్తినా వెయ్యి లీటర్లకు ముప్పావు యూనిట్ దాటుతుంది. నిజమైన పంపులకు అంతకంటే బాగా ఎక్కువ. నగరంలో ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చే 20 వేల లీటర్లలో అలా 15 యూనిట్లకు పైనే దాగి ఉన్నాయి. ఆ నీళ్లు సంపులో పడ్డాక మళ్లీ మోటారు వేసి పైట్యాంకుకు ఎక్కిస్తాం. ట్యాంకు నిండి గోడ వెంట కారుతుంటే ఎవరూ దాన్ని కరెంటు దుబారా అనరు. మెట్ల దగ్గర లైటు వెలుగుతుంటే మాత్రం వాచ్‌మన్‌కు తిట్లు తప్పవు. ట్యాంకు నిండగానే మోటారును తనంతట తానే ఆపే సెన్సర్ పెడితే ఆ తిట్లతో పనేముంది?

అలవాట్లు అక్కర్లేదా అని అడుగుతారు. కావాలి, కానీ రోజూ గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని ఏదో ఒక రోజు మరచిపోతాం. యంత్రం మరచిపోదు. నాగోల్ స్టేషన్ నుంచి 2017 నవంబరులో పరుగు మొదలెట్టిన మెట్రో రైలు బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటును తిరిగి లైనుకు పంపుతుంది. అందుకోసం ప్రయాణికులెవరూ ప్రతిజ్ఞ చేయలేదు. వనస్థలిపురం ఆటోనగర్‌లోనూ లెక్క ఇదే. షెడ్డులో ట్యూబులైటు ఆపమని కుర్రాణ్ణి కసిరే యజమాని, పక్కనే కంప్రెసర్ గొట్టం అతుకు దగ్గర వచ్చే సుయ్యిమనే చప్పుడు పట్టించుకోడు. 7 బార్ల ఒత్తిడి దగ్గర ఒక మిల్లీమీటరు చిల్లు ఉంటే, కంప్రెసర్ పది గంటలు నడిచేసరికి సుమారు మూడు యూనిట్లు ఆ చిల్లులోంచే పోతాయి. ఒక క్లిప్పు, ఒక వాషరు మారిస్తే ఆగే నష్టం అది.

సామాను మార్చడానికి డబ్బెక్కడిది అన్నది రెండో ప్రశ్న. న్యాయమైనదే, అయితే లెక్క వేశాక అడగాలి. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు 15 గంటలు తిరిగే మన ఎండల్లో ఒక్కో ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు మిగులుతాయి, అంటే మీ లైటు నిష్ఠకు ఇరవై రెట్లు. మామూలు ఫ్యాను కంటే వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పెట్టినా ఏడాది, ఏడాదిన్నరలో తిరిగొస్తుంది. (ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని అమ్మే ‘పవర్ సేవర్’ డబ్బాలకు మాత్రం రూపాయి పెట్టొద్దు. వాటిలో ఉండే, పవర్ ఫ్యాక్టర్ దిద్దే కెపాసిటర్ కేవీఏహెచ్ లెక్కన బిల్లు కట్టే హైటెన్షన్ (హెచ్‌టీ) ఫ్యాక్టరీకి పనికొస్తుంది. ఇంటి బిల్లుకు కిలోవాట్ గంటలే లెక్క.) గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా ఉచితమే కదా అనేవారికీ ఈ ఫ్యాను లెక్కే వర్తిస్తుంది. ఆ గీత దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. మే నెలలో ఆ గీత దాటించేది ఫ్యాన్లు, కూలర్లే గాని వంటింటి బల్బు కాదు.

గట్టి అభ్యంతరం అద్దె ఇళ్లది. దిల్‌సుఖ్‌నగర్, నాగోల్ పోర్షన్లలో ఫ్యాను, గీజర్ కొనేది ఓనరు, బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. చవకది బిగించి ఓనరు వెయ్యి మిగుల్చుకుంటాడు. ఆ వెయ్యి రూపాయలు ఏళ్ల తరబడి ఇంకొకరి మీటరులో తిరుగుతుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరైంది, కానీ అంతకుముందే బిగించినవాటిని ఆ నిబంధన తాకదు. ఇక్కడ అద్దెదారు లైట్లు ఎంత జాగ్రత్తగా ఆపినా ఫలితం స్వల్పం. ఫ్యాను మాత్రం సొంతంగా కొనుక్కుని, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చు. గీజర్, సంపు మోటారు అలా కుదరవు కాబట్టి వాటి సంగతి ఇల్లు మాట్లాడుకునేటప్పుడే, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే అడగాలి.