తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?
నీలి తెర నేర్పిన పాఠం సరిహద్దు పల్లెకూ వర్తిస్తుంది

2024 జూలై 19, శుక్రవారం. భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న సవరణ ఫైలును పంపింది. కొద్దిసేపటిలోనే ప్రపంచమంతటా కంప్యూటర్లు నీలి తెరతో స్తంభించిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దెబ్బతిన్న యంత్రాలు 85 లక్షలు. విండోస్‌తో నడిచే మొత్తం యంత్రాలలో ఇది ఒక శాతం కంటే తక్కువే. అయినా విమానాలు నిలిచాయి, ఆసుపత్రులు, బ్యాంకులు తల్లడిల్లాయి. మన దేశంలో ఇండిగో సంస్థ ఒక్కటే సుమారు 200 విమానాలను రద్దు చేసింది. విమానాశ్రయాలలో బోర్డింగ్ పాసులను చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. పది బ్యాంకులు, ఆర్థిక సంస్థలలో స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు తెలిపింది.

ఇంతటి ఉత్పాతానికి కారణం శత్రువుల దాడి కాదు, వైరస్ కాదు. 20 విలువలు మాత్రమే అందిన చోట 21వ దాని కోసం ఆ సాఫ్ట్‌వేర్ వెతికింది. లేని చోట చదవబోయి కూలింది. తాను కూలుతూ యంత్రాన్నంతటినీ కూల్చింది.

సాధారణ ప్రోగ్రాము చెడితే అది మాత్రమే మూతపడుతుంది, కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది. వసారాలో కుర్చీ విరిగితే ఇంటికి వచ్చే ముప్పు లేదు. దూలం విరిగితే మాత్రం ఇల్లే కూలుతుంది. ఆ దూలం వంటి అంతర్భాగాన్ని కెర్నెల్ అంటారు. క్రౌడ్‌స్ట్రయిక్ సాఫ్ట్‌వేర్‌కు అక్కడ చోటు ఇచ్చారు. వైరస్‌లను మొదట్లోనే పట్టాలంటే అంతటి అధికారం అవసరమన్నది భద్రతా సంస్థల వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కాని అధికారం ఎంత పెద్దదైతే పొరపాటు మూల్యం కూడా అంత పెద్దదవుతుందని ఆ శుక్రవారం రుజువైంది.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. సంస్థ తన తప్పును 78 నిమిషాలలోనే సరిదిద్దింది. కాని యంత్రాలన్నీ దాదాపుగా తిరిగి లేవటానికి పది రోజులు పట్టింది. జూలై 29 నాటికి సుమారు 99 శాతం యంత్రాలు కోలుకున్నాయని సంస్థ ప్రకటించింది. 78 నిమిషాలకూ పది రోజులకూ మధ్య ఇంత అంతరం ఎందుకు?

పడిపోయిన యంత్రం దూరం నుంచి వచ్చే మందును సరిగా అందుకోలేదు. చాలా చోట్ల మనిషి స్వయంగా యంత్రం ముందు కూర్చుని, దానిని సేఫ్ మోడ్‌లో తెరచి, అడ్మినిస్ట్రేటర్ హోదాలో ప్రవేశించి, దోషపు ఫైలును తొలగించవలసి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉన్న చోట 48 అంకెల రికవరీ కీ కూడా కావలసి వచ్చింది. యంత్రం ఒక చోట, తాళంచెవి మరొక చోట ఉన్న సంస్థలు విలవిలలాడాయి. మరమ్మతు కష్టమై కాదు, మరమ్మతు చేసే అధికారం గలవారు దగ్గర లేక ఆలస్యమైంది.

సరిహద్దు పల్లెల పరిస్థితి ఇందుకు భిన్నమేమీ కాదు. హోసూరు, బళ్ళారి, రాయగడ, యానాం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు పొలం కాగితాలు, కుల ధ్రువీకరణ పత్రాలు, పిల్లల పరీక్షల దరఖాస్తులు అన్నీ నేడు కంప్యూటరు మీదనే ఆధారపడి ఉన్నాయి. ఇంట్లో కంప్యూటరు ఉంటే దానిని సిద్ధం చేసింది సాధారణంగా చదువుకున్న కొడుకో కూతురో. వారు ఉద్యోగానికి బెంగళూరో చెన్నయో వెళ్తే పాస్‌వర్డూ వారితోనే వెళ్తుంది. గడువు చివరి రోజున యంత్రం మొరాయిస్తే తల్లిదండ్రుల చేతిలో ఏమీ ఉండదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన లోపం కూడా కనిపిస్తుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన నాటి నుంచి చాలా ఇళ్ళలో అందరూ అడ్మినిస్ట్రేటర్లే. పిల్లవాడు ఆట కోసం దింపుకున్న ఫైలుకు కూడా ఇంటి యజమాని అధికారమే దక్కేది. ఈ బెడదను తగ్గించటానికి 2007లో విస్టాతో అనుమతి అడిగే పద్ధతి వచ్చింది. తెర మసకబారి, "ఈ ప్రోగ్రాము మార్పులు చేయవచ్చునా?" అన్న ప్రశ్న వస్తుంది. విసుగుతో చాలామంది చదవకుండానే అవునని నొక్కుతారు. గుమ్మం దగ్గర కాపలావాడు అడిగిన ప్రతివారినీ లోనికి వదలమన్నట్లే ఇది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోను చేసి, ఏదో ఒక ప్రోగ్రామును ఎక్కించమనే మోసగాళ్ళకు కావలసింది కూడా ఆ ఒక్క అవునే.

నివారణ కష్టసాధ్యం కాదు. సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ విభాగంలో రెండు ఖాతాలు ఏర్పరచుకోవాలి. నిత్యం వాడేది స్టాండర్డ్ ఖాతా, మార్పులకు మాత్రమే అడ్మినిస్ట్రేటర్ ఖాతా. రెండవదాని పాస్‌వర్డును, రికవరీ కీని కాగితం మీద రాసి పట్టాదారు పుస్తకంతో పాటు భద్రపరచాలి. ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ చోటు తెలిసి ఉండాలి.

యంత్రం పదే పదే కూలుతుంటే ముందుగా తెర మీది కోడును రాసుకోవాలి. ఇటీవల ఎక్కించిన ప్రోగ్రాము, తగిలించిన ప్రింటరు ఏమిటో గుర్తుచేసుకోవాలి. కొత్తగా తగిలించిన పరికరాలను తీసివేసి, సేఫ్ మోడ్‌లో తెరచి చూడాలి. అక్కడ సవ్యంగా నడిస్తే దోషం చాలావరకు కొత్త సాఫ్ట్‌వేర్‌లోనో డ్రైవర్‌లోనో ఉంటుంది. దానిని తొలగించాలి. అక్కడా కూలితే మెమరీ, డిస్కు, దుమ్ముతో వచ్చే వేడి, విద్యుత్ హెచ్చుతగ్గులు వంటివి అనుమానించాలి. ఫైళ్ళ నకలు విడిగా ఉంచుకోకుండా విండోస్‌ను తిరిగి ఎక్కించటానికి అంగీకరించరాదు.

భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ వెలుపల నడిపే ఏర్పాట్లు చేస్తామని 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2025లో విండోస్ 11లో నీలి తెర నల్ల తెరగా మారింది. కాని తెర రంగు మారినంత మాత్రాన ఇంటి తాళంచెవి దొరకదు. అధికారం అందరికీ పంచిపెట్టటం ఎంత ప్రమాదమో, దూరాన ఉన్న ఒక్కరి దగ్గరే ఉంచటం కూడా అంతే ప్రమాదం. ఈ రెండింటి మధ్య మార్గాన్ని ఏ కంపెనీ కోసమూ ఎదురుచూడకుండా ప్రతి కుటుంబమూ ఈ రోజే ఏర్పరచుకోవచ్చు.