బొమ్మ చిన్నదే కాని శ్రమ చిన్నది కాదు

పెద్దల ఇంటికి, పసిపిల్లలున్న ఇంటికి రిక్తహస్తాలతో వెళ్ళరాదన్నది మన తెలుగునాట తరతరాలుగా వస్తున్న మర్యాద. ఉర్దూ మాట్లాడే కుటుంబాలలోను 'తోహ్ఫా' లేని రాకపోకలకు నిండుదనం లేదు. రంజానుకు గాని, సంక్రాంతికి గాని, క్రిస్మసుకు గాని చేతిలో ఒక చిన్న పొట్లం ఉంటే గుమ్మం దాటడంలోనే ఒక ఆత్మీయత కనిపిస్తుంది. ఆ పొట్లంలో ఏమున్నదన్నది తర్వాతి మాట. తెచ్చినవారు మనలను తలచుకొన్నారన్నదే మొదటి మాట.

ఇటీవలి కాలంలో ఆ పొట్లంలో ఒక కొత్త అతిథి చోటు సంపాదించుకొన్నది. క్రోషే సూదితో అల్లి, లోపల దూది కూరిన చిన్న కుందేలు, తాబేలు, ఏనుగు, పిల్లి పిల్ల. అరచేతిలో ఇమిడే ఈ బొమ్మలను జపాను దేశస్థులు 'అమిగురుమి' అని పిలుస్తారు. 'అమి' అనగా అల్లిక. 'నుయిగురుమి' అనగా దూది కూరిన బొమ్మ. ఈ రెండు మాటల కలయికయే ఆ పేరు. 2020లో కరోనా వ్యాధి మూలంగా ప్రపంచమంతా ఇళ్ళకు పరిమితమైనపుడు ఎందరో యువతీయువకులు ఈ విద్యను కొత్తగా అభ్యసించారు. నేడు మన విద్యార్థినుల సంచులకు వేలాడే తాళపుచెవుల గుత్తులలో సైతం ఈ బొమ్మలు దర్శనమిస్తున్నాయి.

దీనిని గూర్చి రెండు విధాల మాటలు వినబడుతున్నాయి. పరీక్షలు ముంచుకొస్తుండగా దారపు ఉండలతో కాలహరణమేమని కొందరి విమర్శ. ఆడపిల్లలకు తగిన ముచ్చటైన తీరికవేళ పని అని మరికొందరి మెప్పు. నా దృష్టిలో ఆ విమర్శ కంటే ఈ మెప్పే ఎక్కువ ప్రమాదకరమైనది. 'తీరికవేళ పని' అన్న ఆ మూడు ముక్కల వెనుక ఎందరో స్త్రీల కష్టార్జితం దశాబ్దాలుగా కనుమరుగై పోయింది. బొమ్మను మన చేతులతో అల్లవలసినది అందుకే. అల్లిన చేతికే ఆ శ్రమ విలువ తెలుస్తుంది.

ముందుగా ఆ పని ఎట్టిదో చూద్దాం. కొక్కెం గల ఒక్క సూది, కొంత నూలు దారమో ఊలో, గుప్పెడు దూది ఉంటే చాలు. దారాన్ని చిన్న ఉంగరంగా చుట్టి దానిలో 6 కుట్లు వేయాలి. రెండవ వరుసలో 12, మూడవ వరుసలో 18, నాలుగవ వరుసలో 24 కుట్లు రావాలి. వరుసకు ఆరేసి కుట్లు పెంచుతూ పోతే చదునైన బిళ్ళ తయారవుతుంది. పెంచడం ఆపి అదే సంఖ్యతో అల్లితే అంచు లేచి గిన్నె అవుతుంది. ఆ తరువాత ఆరేసి చొప్పున తగ్గించుకొంటూ వస్తే మూతి ముడుచుకొని బంతి అవుతుంది. మూతి పూర్తిగా మూసుకొనక ముందే దూది కూరాలి. అదే కుందేలు తల. ఇదే పద్ధతిలో దేహం, కాళ్ళు, చెవులు వేరువేరుగా అల్లి, సూదితో అతికించాలి.

ఆరేసి కుట్లే ఎందుకు పెంచాలి? దీనికి సమాధానం మన గణిత పుస్తకంలోనే ఉన్నది. వృత్తం వ్యాసార్ధం ఒక ప్రమాణం పెరిగితే చుట్టుకొలత రెండు 'పై'లు, అంటే సుమారు 6.28 ప్రమాణాలు పెరుగుతుంది. మామూలు క్రోషే కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం కాబట్టి వరుసకు ఆరు కుట్లు చేరిస్తే బిళ్ళ చదునుగా నిలుస్తుంది. అంతకు మించి పెంచుతూ పోతే అంచు కుచ్చెళ్ళుగా ముడతలు పడుతుంది. ఈ ముడతలనే ఆధారంగా చేసుకొని, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితశాస్త్రజ్ఞురాలు డైనా టైమినా, 1997లో అతిపరావలయ తలాన్ని క్రోషే అల్లికతో చేసి చూపించింది. కాగితంపై ఊహించుట కష్టమైన ఆకృతిని విద్యార్థులు చేతితో తాకి చూడగలిగారు. లెక్కలు చదువుకొనే వేళను ఈ అల్లిక దోచుకొంటున్నదని వాదించే వారు ఈ సంగతిని గమనింతురు గాక.

ఈ అల్లికకు మరొక విశేషం కలదు. స్వెట్టర్ల వంటి నిట్టింగు అల్లికలో ఎన్నో ఉచ్చులు ఒకేసారి సూదిపై నిలిచి ఉంటాయి; ఆ పనిని యంత్రాలు ఎన్నడో నేర్చుకొన్నాయి. క్రోషేలో సాధారణంగా ఒక్క ఉచ్చు మాత్రమే సూదిపై ఉంటుంది. ఒక కుట్టు ముగిసిన పిమ్మటనే మరొక కుట్టు. సూదిని ఎక్కడ దూర్చాలో ప్రతిసారీ కన్ను చూసి, వ్రేలు నిర్ణయించాలి. దీనిని యంత్రంతో చేయించడానికి ప్రయోగశాలలలో ప్రయత్నాలు జరిగాయే గాని, కర్మాగారాలలో చేతికి బదులుగా నిలువగల యంత్రం వాడుకలోకి రాలేదు. కాబట్టి అంగడిలో కనిపించే నిజమైన క్రోషే వస్తువు ఎంత చౌకగా ఉన్నా, అది మానవ హస్తం చేసినదే. అది అతి చౌకగా ఉన్నదంటే ఏదో మాయాయంత్రం కనిపెట్టబడినదని అర్థం కాదు. ఎక్కడో ఒక చేతికి తగిన కూలి ముట్టలేదని అర్థం.

ఈ మాటకు నిదర్శనం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మన పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలను చూస్తే చాలు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి పేద స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. క్రమంగా ఆ విద్య కులమతాలకు అతీతంగా గ్రామగ్రామానికి పాకినది. మేజా గుడ్డలు, తెరలు, దుప్పట్ల అంచులు ఇక్కడి ఇళ్ళలో రూపుదిద్దుకొని సముద్రాలు దాటిపోయాయి. దళారి దారం తెచ్చి ఇస్తాడు. స్త్రీలు ఇంటివద్దనే పువ్వులు, బిళ్ళలు అల్లి ఇస్తారు. దీనిని 'చేతిపని' అంటారు. ఆ ముక్కలను ఒకటిగా చేర్చే పని 'అతుకుపని'. పువ్వు అల్లిన స్త్రీకి ఆ పువ్వు ఏ గుడ్డపై చేరినదో, ఏ దేశంలో ఎంతకు అమ్ముడైనదో తెలిసే అవకాశమే ఉండదు.

మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త 1970 దశకం చివర ఈ ప్రాంతంలో పరిశోధన చేసి, నరసాపురం లేసు స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. ఈ స్త్రీలు ఇంటి చాకిరి యావత్తు చేసుకొంటూనే దినమునకు గంటల తరబడి లేసు అల్లేవారనీ, వారికి దక్కిన ప్రతిఫలం వ్యవసాయ కూలి కంటే కూడా చాలా తక్కువనీ ఆమె వివరించింది. ఇంత తక్కువ కూలి ఎట్లా చెల్లినది? ఇంటిలో ఊరక కూర్చున్న గృహిణులు తీరికవేళలో చేసే పని అది అన్న నమ్మకమే దానికి మూలమని ఆమె తేల్చిచెప్పినది. స్త్రీ కార్మికురాలు కాదు, గృహిణి. ఆమె చేసేది ఉత్పత్తి కాదు, కాలక్షేపం. ఈ రెండు మాటలూ ఒకసారి లోకం ఒప్పుకొన్న తరువాత, కూలి బేరంలో ఆమెకు నోరెక్కడిది?

ఇది నిన్నటి కథ మాత్రమే అని సరిపెట్టుకొనుటకు వీలు లేదు. మా పొరుగున ఒక ఖాలాజాన్ ఉన్నారు. క్రోషియా టోపీలు అల్లి ఒక దుకాణానికి ఇస్తుంటారు. నాకు సూది పట్టడం నేర్పినది ఆమెయే. నేను అల్లిన మొదటి కుందేలుకు పట్టిన కాలాన్ని గడియారం చూసి వ్రాసిపెట్టుకొన్నాను. తప్పుకుట్లు విప్పి మళ్ళీ వేసిన కాలంతో కలిపి 9 గంటలు తేలింది. ఆమె అదే బొమ్మను 4 గంటలలో ముగించారు. ఆమె టోపీకి కూడా ఇంచుమించు అంతే కాలం పడుతుంది. దారం ఖర్చు పోగా టోపీకి ఆమెకు మిగిలేది 40 రూపాయలు. గంటకు 10 రూపాయలు!

"ఖాలా, ఇన్ని గంటలు పడుతుందని దుకాణదారుతో చెప్పకూడదా?" అని అడిగాను.

"గంటల లెక్క ఎవరడుగుతారు బేటా? ఇంట్లో ఖాళీగా కూర్చునేదే గదా అంటారు" అని ఆమె నవ్వారు. ఒక వరుస ముగించి, దారం సరిచేసుకొని, మెల్లగా అన్నారు: "నాకు ఖాళీ ఏ పూట ఉన్నదో వాళ్ళనే వచ్చి చూపించమను."

ఆ మాట తరువాత 'తీరికవేళ పని' అను పలుకు నా నోట రాలేదు. తెల్లవారుజామున నమాజుతో లేచి, ఇంటిల్లిపాదికి వండి వడ్డించి, మనుమలను బడికి పంపి, మధ్యాహ్నం కునుకు మానుకొని అల్లిన టోపీ అది. దానిలోనిది తీరిక కాదు, ఆమె మానుకొన్న నిద్ర.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. కానుకలోని శ్రమను గంటలలో లెక్కిస్తే దానిలోని ప్రేమ ఏమి కావాలి? ఈ సందేహం సమంజసమైనదే. మిత్రునికోసం, చెల్లెలి బిడ్డకోసం నేను అల్లే బొమ్మకు నేను వెల కట్టను, కట్టకూడదు. ఇస్లాంలో కానుకలు ఇచ్చిపుచ్చుకొనుట హృదయాలను కలిపే సత్కార్యంగా చెప్పబడింది. కాని ఆ కానుకను ఉచితంగా ఇచ్చినది నేను, నా ఇష్టంతో ఇచ్చాను. ఖాలాజాన్ టోపీ ఎవరికీ కానుక కాదు, అది ఆమె జీవనాధారం. ఆమె ఇష్టపడి ఇవ్వని గంటలను దుకాణదారు, కొనుగోలుదారు కలిసి కానుకగా స్వీకరించడమే అన్యాయం. పనివాని కూలిని ఆలస్యం చేయరాదని ప్రవక్త బోధించిన సంగతి మనకు కొత్త కాదు. ఆలస్యమే తగదన్నపుడు, అసలు లెక్కకే రాని కూలిని గూర్చి వేరుగా చెప్పాలా?

లోకం కొంత మేల్కొనలేదని కాదు. 1972లో ఇలా భట్ అహమ్మదాబాదులో స్థాపించిన 'సేవా' సంస్థ, ఇంటివద్ద పనిచేసే స్త్రీలు కూడా కార్మికులేనని ఎలుగెత్తి చాటినది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటివద్ద పనిచేసేవారికి ఇతర వేతన కార్మికులతో సమాన మర్యాద కల్పించాలని ఒక ఒడంబడికను ఆమోదించినది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే గుర్తింపు లేసుకు వచ్చినంత మాత్రాన లేసు అల్లిన చేతికి వచ్చినట్లు కాదు. ఊరి పేరు ముద్రపై ఎక్కుతుంది. స్త్రీ పేరు ఎక్కడా ఎక్కదు. ఆ వెలితిని పూడ్చవలసినది చట్టాలు మాత్రమే కాదు, కొనే మనము కూడా.

కనుక నా సూచనలు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఈ విద్యను విద్యార్థినులతో బాటు విద్యార్థులు కూడా నేర్చుకోవాలి. దర్జీ పని మగవానికి తగినపుడు, వలలు అల్లే జాలరి మగవాడైనపుడు, క్రోషే సూది పట్టినంతనే పురుషత్వానికి లోటేమి? ఇది ఆడవారి కాలక్షేపమన్న అపోహ తొలగాలంటే ఇంతకు మించిన మార్గం లేదు. రెండవది, ఆరంభంలోనే ఏనుగును తలపెట్టి విసుగు చెందవద్దు. పుస్తకంలో పెట్టుకొనే గుర్తు పట్టీ, తాళపుచెవికి చిన్న చేప, పసిబిడ్డకు టోపీ వంటివి కొద్దిపాటి అభ్యాసంతో ఒకటి రెండు సాయంత్రాలలో ముగుస్తాయి. పసిపిల్లలకు ఇచ్చే బొమ్మకు పూసలతో, బొత్తాములతో కన్నులు పెట్టరాదు. అవి ఊడి నోటిలో పడితే ప్రాణాపాయం. నల్లదారంతో కుట్టిన కన్నులే శ్రేష్ఠం. దూది బయటికి రాకుండా కుట్లు దగ్గరగా బిగించాలి.

మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. మీరు అల్లిన మొదటి బొమ్మకు పట్టిన గంటలను ఒక కాగితంపై వ్రాసి దాచుకొనండి. ఇక మీదట అంగడిలో గాని, సంతలో గాని ఎవరైనా స్త్రీ అల్లిన వస్తువును పట్టుకొని బేరమాడబోయేటపుడు ఆ కాగితాన్ని ఒక్కసారి తలచుకొనండి. అడిగిన వెల న్యాయమైనదో కాదో అప్పుడు మీ వ్రేళ్ళే మీకు చెబుతాయి.

నా మొదటి కుందేలుకు ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి. దానిని ఖాలాజాన్ మనుమరాలికే ఇచ్చాను. ఆ పాప దానిని పక్కలో పెట్టుకొని నిద్రపోతుందట. ఖాలాజాన్ మాత్రం ఆ పొట్టి చెవిని వ్రేలితో కొలిచి చూసి, "రెండు వరుసలు తక్కువ వేశావు, బేటా" అన్నారు. అన్ని సంవత్సరాలు ఆమె అల్లిన టోపీలలో వరుస తగ్గినది ఒక్కటైనా ఉండదు. తగ్గినదల్లా ఆమెకు దక్కిన కూలియే.