రిమ్ము మెరుపా? టైరు పట్టా?

మన కాలేజీ సైకిల్ స్టాండు పేరుకే సైకిల్ స్టాండు. ఇప్పుడందులో సైకిల్ వెతికినా కనిపించదు. అన్నీ మోటారు సైకిళ్ళే, వాటి పక్కన అయిదారు కార్లు. ఎవరింట్లోనైనా పాత ఆల్టోనో, సెకండ్ హ్యాండ్ స్విఫ్టో కొడుకు చేతికి వచ్చిందంటే చాలు, వారం తిరక్కుండా దానికి జరిగే మొదటి సంస్కారం ఒక్కటే. కంపెనీవాడిచ్చిన ఇనుప డిస్కులు పీకేసి పెద్ద పెద్ద అలాయ్ చక్రాలు తొడిగించడం! "అన్నా, ఎన్ని ఇంచులు?" అన్నది ఇప్పుడు మన విద్యార్థి లోకంలో కుశలప్రశ్న. "టైరు ఏ ఏడాదిది?" అని అడిగిన మహానుభావుణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు.

ఇదే కాలేజీలో చదివి, ఇప్పుడిక్కడే పాఠాలు చెబుతున్నవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వేగం మీద, మలుపు మీద నిజంగా మోజున్నవాడు డబ్బు ముందు టైరు మీద పెట్టాలి, రిమ్ము మీద ఆఖర్న పెట్టాలి. ఆ మోజు తీర్చుకునే చోటు మైదానం. భద్రాచలం రోడ్డు కానే కాదు. ఇది మాస్టారి చాదస్తమని కొట్టిపారేసే ముందు కాస్త ఓపిక పట్టి చదవమని మనవి.

మైదానం అన్నాను గనుక ఆటోక్రాస్ అంటే ఏమిటో చెప్పాలి. ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి వంకరటింకర దారి గీస్తారు. ఒక్కొక్క కారే బయల్దేరుతుంది. పోటీ పక్క కారుతో కాదు, స్టాప్‌వాచీతో. కోను తగిలితే టైముకు శిక్షగా కొన్ని సెకన్లు కలుపుతారు. కారు మొదటి, రెండో గేర్లు దాటే సందర్భం తక్కువ. తప్పు జరిగితే పడేది ప్లాస్టిక్ కోను, ప్రాణం కాదు. అమెరికాలో ఇది సిమెంటు, తారు మైదానాల మీద జరుగుతుంది. మన దేశంలో ఎక్కువగా మట్టి మీదే. ఇది డబ్బున్నవాళ్ళ ఆట అనుకోకండి. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే కారు తయారుచేసుకుని కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్ పోటీకి తెస్తారు. అందులో ఆటోక్రాస్ ఒక అంశం. ఆ ట్రాక్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ కరివర్ధన్ మన మారుతి 800 ఇంజనుతోనే ఫార్ములా మారుతి రేసు కారు తయారుచేశాడు. చిన్న బండిని చులకన చెయ్యనక్కర్లేదు.

ఇక అసలు విషయం. కారుకూ భూమికీ ఉన్న చుట్టరికం ఎంతో ఎప్పుడైనా లెక్కవేశారా? డ్రైవరుతో కలిపి 800 కిలోల చిన్న కారనుకోండి. ఒక్కో చక్రం మీద 200 కిలోలు. టైర్లో 30 పాయింట్ల గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోల ఒత్తిడి. భాగిస్తే వచ్చేది 95 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో టైరు నేలను తాకేది ఇంచుమించు అరచెయ్యంత మేర! బ్రేకు పట్టినా, స్టీరింగు తిప్పినా, ఇంజను ఎంత గర్జించినా పని జరిగేది ఆ నాలుగు అరచేతుల్లోనే. వెడల్పు టైరు వేసినంత మాత్రాన ఆ మేర రెట్టింపు కాదు. బరువూ గాలీ మారకపోతే వైశాల్యం దాదాపు అంతే ఉండి ఆకారం మారుతుంది. పొడుగు తగ్గి అడ్డం పెరుగుతుంది. తారు మీద మలుపు తిరగడానికి ఆ ఆకారం మంచిదే. కాని అసలు పట్టునిచ్చేది ఆ రబ్బరు మెత్తదనం. పాతబడి రాయిలా బిగుసుకున్న రబ్బరును ఎంత అందమైన రిమ్ముకు తొడిగితే మాత్రం ఏం లాభం?

వెడల్పు అసలే వద్దని నా వాదన కాదు. 1989లో జపాను మజ్డా కంపెనీ మియాటా అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చింది. అమెరికా ఆటోక్రాస్ మైదానాల్లో దానికున్నంత ఆదరణ తక్కువ కార్లకే ఉంది. కంపెనీ ఇచ్చిన టైరు 185/60 ఆర్14. అక్కడి ఆటగాళ్ళలో చాలామంది దానికి వేసుకునేది 225/45 ఆర్15. గమనించారా? వెడల్పు 40 మిల్లీమీటర్లు పెంచారు, రిమ్ము మాత్రం ఒక్క అంగుళమే పెంచారు.

ఆ అంకెలు చదవడం మూడు ముక్కల్లో నేర్చుకోవచ్చు. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్కగోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. ఈ లెక్కన మియాటా పాత చక్రం మొత్తం ఎత్తు 577.6 మిల్లీమీటర్లు, కొత్తది 583.5. తేడా ఒక్క శాతం. మన స్విఫ్టు చూడండి. కింది రకాలకు 165/80 ఆర్14, పై రకాలకు 185/65 ఆర్15. రెంటి ఎత్తుకూ తేడా 2 మిల్లీమీటర్లు లేదు. అదే కారుకు మనవాడు జబర్దస్తీగా 205/65 ఆర్16 వేయించాడనుకోండి, ఎత్తు 53 మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్పీడోమీటరు 60 చూపించినప్పుడు బండి 65 మీద పోతుంటుంది. గేర్లు బరువెక్కి లాగుడు తగ్గుతుంది. డబ్బిచ్చి మందకొడితనం కొనుక్కోవడమంటే ఇదే గదా!

రిమ్ము కొనేటప్పుడు బోల్టులు సరిపోతే చాలనుకుంటారు. చాలదు. మధ్య రంధ్రం హబ్బు మీద బిగువుగా కూర్చోవాలి. ఆ టైరుకు చెప్పిన వెడల్పు రిమ్మే కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆఫ్‌సెట్ అనే కొలత. చక్రం బయటికి ఎంత పొడుచుకొస్తుందో, లోపలికి ఎంత పోతుందో తేల్చేది అది. బయటికి వస్తే బేరింగు మీద భారం, మడ్‌గార్డుకు రాపిడి. మా బ్యాచ్‌లో ఒకతను ఇలాగే వెడల్పు టైర్లు వేయించాడు. ఒక్కడూ నడిపినన్నాళ్ళూ బాగానే ఉంది. ఓ రోజు అయిదుగురు ఎక్కి పాల్వంచ దాటారు. బరువుకు బండి కుంగింది, మడ్‌గార్డు అంచు టైరు పక్కగోడను కోసింది. మలుపులో టైరు పేలి కారు పొలంలో పడింది. ప్రాణాలు దక్కాయి. కాని అతనిప్పటికీ కుడికాలు ఈడుస్తూ నడుస్తాడు. ఆ అలాయ్‌లకు మాత్రం గీత పడలేదు!

మన దారుల సంగతి వేరే చెప్పాలా? కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం పోయే రోడ్డులో బొగ్గు లారీలు, బూడిద లారీలు. అక్కణ్ణించి చింతూరు, మారేడుమిల్లి ఘాటు. పక్కకు దిగితే అడవి బాటల్లో మొరం, కంకర. ఈ గుంతల్లో పొట్టి పక్కగోడ టైరు దెబ్బను తట్టుకోదు, రిమ్ముకే అప్పజెబుతుంది. ఇనుప డిస్కు వంగితే సుత్తితో సరిచేస్తారు, నాసిరకం అలాయ్ పగులుతుంది. పైగా పెద్ద అలాయ్ చిన్న ఇనుప డిస్కు కంటే బరువుండటం అరుదేమీ కాదు. వదులు మట్టి మీద ఆటోక్రాస్ ఆడేవాడికి సన్నటి టైరే మేలు. అది మట్టిని కోసుకుని కింది గట్టి నేలను పట్టుకుంటుంది. నేలను బట్టి టైరు, టైరును బట్టి రిమ్ము. ఈ వరస తలకిందులైతే అంతా తలకిందులే.

"రేసు కార్లకు నున్నటి టైర్లుంటాయి గదా సార్" అని ఒక శిష్యుడు అరిగిన టైరును సమర్థించాడు. నాయనా, రేసు టైరు పుట్టుకతోనే నునుపు. మెత్తటి రబ్బరు, పొడి నేల కోసం చేసింది. నీది అరిగి నునుపైంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఇ విద్యుత్ కార్ల రేసు జరిగింది. ఆ మహావేగపు కార్లు పరుగెత్తింది గాడులున్న టైర్ల మీదే. ఎండకైనా వానకైనా వాటికి అదొక్కటే రకం. వానలో ఆ గాడులే నీటిని తోసేస్తాయి. మన నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

టైరు వయసు తెలుసుకోవడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాలి సంగతి చూడటానికి సుద్దముక్క చాలు. టైరు అంచు నుంచి పక్కగోడ దాకా సుద్దగీత గీసి మైదానంలో ఒక చుట్టు తిరిగి రండి. పక్కగోడ మీది సుద్ద కూడా చెరిగిపోతే గాలి తక్కువ. నేల తాకే అంచు మీదే సుద్ద మిగిలితే గాలి ఎక్కువ. ఒకటి రెండు పాయింట్లు మారుస్తూ పోతే బండి స్వభావమే మారుతుంది. అలాయ్ సెట్టు ఇవ్వలేని లాభం బోర్డు కింద దొరికే సుద్దముక్క ఇస్తుంది.

చట్టం మాట కూడా గుర్తుంచుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. తయారీదారు చెప్పిన ప్రమాణాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మరోసారి స్పష్టం చేసింది. కారుతో వచ్చిన పుస్తకంలో ఏ కొలతలున్నాయో ముందు అది చూడండి.

"వయసులో ఉన్నవాళ్ళకు అందం మీద మోజు ఉండదా?" అంటారు. ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ముందు నాలుగు మంచి టైర్లు, ఒక హెల్మెట్టు, మంచి అలైన్‌మెంటు. అప్పటికీ డబ్బు మిగిలితే నిక్షేపంగా మెరుపులు దిద్దుకోండి.

ఘాటు రోడ్డు మీద పందేలు వేస్తున్న తమ్ముళ్ళను "వద్దు" అనడం తేలిక. కాని ఎక్కడ ఆడాలో చూపించకుండా వద్దనే హక్కు పెద్దలకు లేదు. అందుకే విద్యార్థి సంఘానికీ, మా మెకానికల్ విభాగానికీ, ఫిజికల్ డైరెక్టరు గారికీ నా విన్నపం. వార్షికోత్సవాల్లో ఒక ఆదివారం గట్టి నేల ఉన్న మైదానం చూడండి. యాభై కోన్లు, రెండు స్టాప్‌వాచీలు, ఒక అంబులెన్సు, జనం నిలబడటానికి దూరంగా తాడు కట్టిన హద్దు. హెల్మెట్టు, సీటుబెల్టు లేనివాడికి ప్రవేశం లేదు. గాడి లోతు కొలిచి, తేదీ చూసి, బోల్టులు బిగించి చూసే బాధ్యత మూడో సంవత్సరం విద్యార్థులది. అదే వాళ్ళకు ప్రాక్టికల్స్. తగిన అనుమతులు తెచ్చే పని నేను నెత్తిన వేసుకుంటాను. చెల్లెళ్ళూ ముందుకు రావాలి, స్టాప్‌వాచీకి ఆడా మగా తేడా తెలియదు.

సావనీర్లలో నల్లగీతల మధ్య కుర్రవాళ్ళ ఫోటోలు, కింద సంతాప వాక్యాలు మనమందరం చూసినవే. వచ్చే ఏటి సంచికలో ఆ పేజీ లేకుండా, దాని స్థానంలో మన పిల్లల పేర్లూ, ఎదురుగా సెకన్లూ అచ్చు కావాలి.