ఏటిగట్టు కబుర్లు: బాస్ గాలం, మన పండుగప్ప

ఈమధ్య మన సభ్యుల ఇళ్ళలో కుర్రకారుకి గాలం సరదా బాగా పట్టుకుంది. సంతోషమే. ఆదివారం పొద్దున్న టీవీ ముందు పడుకోవడం కన్నా ఏటిగట్టున కూర్చోవడం వెయ్యిరెట్లు నయం. వీళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. "కెరొలైనా రిగ్‌కి ఏ రాడ్ కొనాలండీ? బాస్ చేపకి అదే మంచిదట కదా!" ప్రశ్న బాగానే ఉంది గానీ, అందులో ఒక తిరకాసు ఉంది. వేలకు వేలు పోసి కొన్నాక అది బయటపడితే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. అందుకే ఈ సంచికలో ఆ సంగతే.

ముందు పేరు గొడవ తేల్చుకుందాం. అమెరికావాళ్ళు బాస్ అనేది వాళ్ళ చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉండే మంచినీటి చేప. మన యానాం దగ్గర గౌతమీ గోదావరిలో, ఉప్పుటేళ్ళలో దొరికే పండుగప్పని ఇంగ్లీషులో సీ బాస్ అంటారు. తమిళనాట కొడువా, ఒడిశాలో భేక్తి, మహారాష్ట్ర కొంకణంలో జితాడా, ఆస్ట్రేలియాలో బారముండి, అన్నీ ఇదే చేప. పేరులో బాస్ ఉన్నంతమాత్రాన ఈ రెండూ చుట్టాలు కావు. వేరువేరు కుటుంబాలు. అమెరికా బాస్ కిలో, రెండు కిలోలుంటే అక్కడివాళ్ళకి పండగే. 1932లో జార్జియా రాష్ట్రంలో పట్టిన రికార్డు చేప తూకమే 10 కిలోల చిల్లర. పండుగప్పకి 10 కిలోలు పెద్ద లెక్క కాదు. 2010లో ఆస్ట్రేలియాలో గాలానికి పడ్డ ఒక బారముండి 44 కిలోలు దాటింది. చిన్న చేప కోసం తయారుచేసిన సరంజామా అంతా ఎత్తి తెచ్చి పెద్ద చేప మీద ప్రయోగిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంతకీ కెరొలైనా రిగ్ అంటే ఏమిటి? అసలు దారానికి ముందు ఒక సీసం గుండు ఎక్కిస్తారు. దాని మధ్యలో బెజ్జం ఉంటుంది కాబట్టి దారం మీద అటూ ఇటూ జారుతుంది. దాని వెనక ఒక పూస. ఆ తరవాత దారం చివర ఒక స్వివెల్, అంటే గిరగిర తిరిగే ఇత్తడి కడియం. ఆ స్వివెల్ రెండో కంటికి మూరెడు నుంచి రెండు మూరల వేరే దారం కట్టి, దాని కొసన గాలం కడతారు. ఈ కొస దారాన్నే లీడర్ అంటారు. సీసం అడుగున ఈడ్చుకుంటూ పోతుంది, ఎర మాత్రం దాని వెనకాల తేలికగా ఆడుతుంది. చేప ఎర నోట పెట్టినప్పుడు దారం సీసంలోంచి జారిపోతుంది కనక బరువు తెలియదు, అనుమానం రాదు. 1985లో అర్కన్సా నదిమీద జరిగిన బాస్‌మాస్టర్ క్లాసిక్ పోటీని జాక్ ఛాన్సలర్ అనే ఆయన ఈ పద్ధతితోనే గెలిచాడు. ఆ తరవాత దీనికి బాగా పేరొచ్చింది. మన ఏటిగట్టు పెద్దలు జారుడు సీసంతో అడుగు గాలం వేయడం ఎరగనివాళ్ళేమీ కాదు లెండి. పేరు పెట్టి అమ్ముకోవడం వాళ్ళకి రాలేదు, అంతే.

అక్కడివాళ్ళు దీనికి వాడే రాడ్ 7 నుంచి 7న్నర అడుగులుంటుంది. ఎందుకంత పొడుగంటే, సీసం నుంచి గాలం దాకా దారం కొంచెం వదులుగా ఉంటుంది. చేప పట్టగానే ఆ వదులంతా లాగి, గాలం దిగేలా పక్కకి పెద్ద ఊపు ఊపాలి. పొట్టి కర్రతో అంత దారం కదలదు. రాడ్ మీద రెండు గుణాలు రాసుంటాయి. ఒకటి బలం, అంటే ఎంత బరువు మొయ్యగలదు అన్నది. రెండోది వంపు, అంటే కొస మాత్రమే వంగుతుందా, నడుం దాకా వంగుతుందా అన్నది. బాస్‌కి సాధారణంగా ఎమ్‌హెచ్ అని రాసిన, కొస చురుగ్గా ఉండే రాడ్ తీసుకుంటారు. అడుగున సీసం రాయికి తగిలిందా, గుల్లకి తగిలిందా, మెత్తటి బురదలో ఉందా అన్నది కర్ర పట్టుకున్న చేతికి తెలియాలి మరి.

ఇక మన ఏటికి వద్దాం. పొడుగు విషయంలో మార్చక్కర్లేదు. పడవ మీంచి అయితే 7 అడుగులు హాయిగా సరిపోతుంది. గట్టు మీంచి విసిరేవాళ్ళకి 8, 9 అడుగులుంటే మేలు. చూడవలసింది రాడ్ మీద ముద్రించే ఇంకో లెక్క. అర ఔన్సు నుంచి ఔన్సు అని ఉంటే, 14 నుంచి 28 గ్రాముల బరువు విసరడానికి చేసిన కర్ర అన్నమాట. చాలామంది ఇది సీసం ఒక్కదాని లెక్క అనుకుంటారు. కాదు, సీసం, ఎర కలిపిన లెక్క. బాస్‌కి వాడే రబ్బరు పురుగు బరువెంత? నామమాత్రం. మనం కట్టేది బతికున్న కొయ్యంగ పిల్ల. దానికి తోడు ఆటు నీటి ఒరవడిలో ఆగాలంటే సీసం 30, 40 గ్రాములైనా ఉండాలి. రెండూ కలిస్తే 80 గ్రాములు అవలీలగా దాటుతుంది. ఇంత బరువు కట్టి ఔన్సు రాడ్‌ని బలంగా విసిరితే కర్ర మధ్యకి విరిగి చేతిలో సగమే మిగులుతుంది. కాబట్టి 40 నుంచి 100 గ్రాముల దాకా రాసిన రాడ్ అడగండి. బతికిన రొయ్య ఒక్కటే ఎరగా వాడేవాళ్ళకి ఇంతకన్నా తేలికది చాలు.

రీలు విషయంలో నా పక్షపాతం దాచుకోను. బాస్ పట్టేవాళ్ళు వాడే బెయిట్‌కాస్టింగ్ రీలు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కానీ కొత్తవాళ్ళ చేతిలో ప్రతి విసురుకీ దారం పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది. మొదటి రీలుగా 4000 లేదా 5000 సైజు స్పిన్నింగ్ రీలు కొనుక్కోండి. ఉప్పునీటికి తగినదో కాదో అడిగి మరీ తీసుకోండి. డబ్బు సరిపోకపోతే రాడ్‌లో తగ్గించుకోండి గానీ రీలులో వద్దు. పెద్ద చేప పరిగెత్తినప్పుడు దారాన్ని బిగువు చెడకుండా వదిలే పని దానిదే. ఆ బిగువు కంటి అంచనాతో పెట్టకూడదు. రాడ్‌కి దారం ఎక్కించి, కొసకి కొట్లో వాడే స్ప్రింగు కాటా తగిలించి లాగండి. 30 పౌండ్ల దారమైతే మూడున్నర, నాలుగు కిలోల దగ్గర రీలు దారం వదలాలి. అంతకు మించితే ముడి దగ్గర తెగే ప్రమాదం పెరుగుతుంది.

దారం 30 పౌండ్ల అల్లిక దారం, అంటే బ్రెయిడ్, 150 మీటర్లు చాలు. సాగదు కాబట్టి కొరుకు బాగా తెలుస్తుంది. అయితే చేతికి చుట్టుకుని లాగారో, వేలు తెగుతుంది. మడచెట్ల వేళ్ళకి అంటుకున్న గుల్లలు కూడా బ్రెయిడ్‌ని ఇట్టే కోసేస్తాయి. అలాంటిచోట చివర కొన్ని గజాలు మందపాటి నైలాన్ కలుపుకోవాలి.

అసలు తేడా అంతా లీడర్‌లో ఉంది. కెరొలైనా పద్ధతిలో లీడర్ అసలు దారం కన్నా సన్నంగా ఉంటుంది. గాలం దుంగకి చిక్కితే అదొక్కటే తెగిపోతుంది, సీసం దక్కుతుంది. తెలివైన ఏర్పాటే. కానీ పండుగప్ప నోరు గరుకు కాగితం. మొప్ప మూత అంచు కత్తి. ఈ చేప నీళ్ళమీదికి ఎగిరి తల విదిలిస్తే 12 పౌండ్ల లీడర్ నిలవదు. 40 నుంచి 60 పౌండ్ల నైలాన్ లేక ఫ్లోరోకార్బన్ కట్టాల్సిందే. అలా కట్టినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. లీడర్ తెగదు కాబట్టి పైన బ్రెయిడ్ తెగుతుంది. అప్పుడు చేప గాలంతో పాటు తెగిన దారాన్ని కూడా ఈడ్చుకుపోతుంది. ఆ దారం ఏ వేరుకో చిక్కుకుంటే చేప అక్కడే కట్టేసినట్టు ఉండి చావచ్చు. దీనికి ఉపాయం ఉంది. సీసంలోంచి దారం పోనివ్వకుండా, దారం మీద జారే ఒక క్లిప్పు ఎక్కించి, దానికి సీసాన్ని సన్నటి నైలాన్ ముక్కతో వేలాడదీయండి. చిక్కుపడితే ముందు తెగేది ఆ ముక్కే.

పూస సంగతి కూడా చెప్పాలి. సీసమో క్లిప్పో వచ్చి ముడికి కొట్టుకోకుండా కాపాడేది పూసే. తెగిన పూసలదండలోంచి ఒకటి తీసుకుందామనిపిస్తుంది. బెజ్జం అంచు నున్నగా ఉంటే తీసుకోండి. గాజు పూస అంచు పదునుగా ఉంటే అదే దారాన్ని కోస్తుంది.

గాలం 5/0 సర్కిల్ హుక్ వాడమంటాను. దాని మొన లోపలికి తిరిగి ఉంటుంది. చేప ఎర మింగినా ఇది గొంతులో దిగకుండా జారి నోటి మూల పట్టుకుంటుంది. దీంతో బాస్ వేటగాళ్ళలా పెద్ద ఊపు ఊపకూడదు. ఊపితే గాలం నోట్లోంచి వచ్చేస్తుంది. దారం బిగిసేదాకా నిదానంగా రీలు తిప్పడమే. గొంతులో దిగకపోవడం ఎందుకు ముఖ్యమంటే, పండుగప్ప చిన్నతనంలో మగది, పెరిగాక ఆడదిగా మారుతుంది. బాగా పెద్దవన్నీ దాదాపు తల్లులే. ఏటి మొగల దగ్గర ఉప్పునీటిలో గుడ్లు పెట్టేవి అవే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 120 సెంటీమీటర్లు దాటినదాన్ని తిరిగి వదిలెయ్యాలని చట్టమే చేసింది. మనకి చట్టం లేకపోయినా, కూరకి మూడు కిలోల చేప చాలు కదా. పెద్దది పడితే దవడ పట్టుకుని వేలాడదీయకుండా పొట్ట కింద చెయ్యి వేసి, నీళ్ళలోనే గాలం తీసి వదలండి. మొప్పల్లో మాత్రం వేళ్ళు పెట్టకండి, కుట్లు పడతాయి.

వేసే చోటు గురించి రెండు మాటలు. ఆటు మొదలై చిన్న కాలవల నీరు ఏట్లోకి దిగుతున్నప్పుడు చిరుచేపలు, రొయ్యలు కొట్టుకొస్తాయి. ఆ కాలవ నోటి దగ్గరే పండుగప్ప కాచుకుని ఉంటుంది. కోరింగ అభయారణ్యం వైపు వెళ్ళేవాళ్ళు అటవీశాఖ వారిని అడగకుండా గాలం తియ్యవద్దు. అన్నట్టు, ఈ సరంజామాతో పులస పడుతుందా అని అడగకండి. అది నీళ్ళు వడగట్టుకుని తినే చేప, మన ఎర దానికి అక్కర్లేదు. పులస వలవాళ్ళ భాగ్యం.

తల్లిదండ్రులు తప్పక చూడవలసినవి రెండున్నాయి. ఇప్పటి రాడ్లన్నీ ఎక్కువగా కార్బన్‌తో చేసినవి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద, కాలవల మీద వైర్లు తక్కువ ఎత్తులో వేలాడుతుంటాయి. 9 అడుగుల కర్ర నిలువుగా భుజాన వేసుకుని వాటి కింద నడవడం ప్రాణాంతకం. రాడ్ విడదీసి, అడ్డంగా పట్టుకుని నడవమనండి. విసిరే ముందు తలెత్తి చూడమనండి. ఉరుము వినబడితే కర్ర కింద పెట్టి లేచి వచ్చెయ్యాలి.

రెండోది సీసం. చిన్న గుళ్ళని పళ్ళతో నొక్కి దారానికి బిగించే అలవాటు పిల్లలకి వస్తుంది, మాన్పించండి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నం తిననివ్వకండి. పాత వల గుళ్ళు కరిగించి కొత్తవి పోసుకునేవాళ్ళు ఇంట్లో, వంటింటి పొయ్యి మీద ఆ పని పెట్టుకోకూడదు. ఆ పొగా, బూడిదా పసిపిల్లల మెదడుకి హాని చేస్తాయి. కరిగించిన మూకుడు మళ్ళీ వంటకి వాడనే కూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో తయారైన గుళ్ళు కొనుక్కుని, మూతబిగువు డబ్బాలో పెట్టి అటక మీద ఉంచండి.