పెట్టె మారినంత మాత్రాన ప్రాణం తీయవలెనా?

కొత్త కంప్యూటరు కొన్నవారికి అడగకుండానే లభించే ఉపదేశం ఒకటున్నది: “పాతదంతా మరచిపోండి, మొదటినుండి మళ్ళీ వేసుకోండి.” మరమ్మతు అంగడివారు అదే చెబుతారు. పట్నంలో ఉద్యోగం చేసే మేనల్లుడు అదే చెబుతాడు. విచిత్రమేమంటే, ఏళ్ళతరబడి లినక్స్ వాడుతున్న మన సాహితీమిత్రులు సైతం అదే చెబుతున్నారు. మొదటి ఇద్దరినీ నేను తప్పుపట్టను. వారు నేర్చిన విద్య వేరొక వ్యవస్థది. ఆ వ్యవస్థలో వారి మాట చాలావరకు నిజమే. నా పేచీ అంతా మూడవవారితోనే. తమ చేతిలో ఉన్న స్వాతంత్ర్యాన్ని వాడుకోకుండా, అది లేనివారి అలవాటును అరువు తెచ్చుకొని, అదే శాస్త్రమని చాటేవారిని ఊరకే వదలిపెట్టరాదు.

నా ప్రతిపాదన ఇది. స్థాపించుకొని, దిద్దుకొని, మన చేతికి అలవాటు చేసుకొన్న లినక్స్ వ్యవస్థను కొత్త కంప్యూటరులోకి ఉన్నదున్నట్లుగా తరలించుకోవచ్చును. తరలించుకోవలెను కూడా. అట్లా తరలించుకొనే హక్కును వాడనివాడు స్వేచ్ఛా సాఫ్టువేరు వాడుతున్నాడని చెప్పుకోవడం, సొంత ఇంట్లో ఉంటూ నెలనెలా ఎదురింటివానికి అద్దె కట్టడం వంటిది.

ముందుగా ఎదుటి లోకపు ధర్మం చూద్దాం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ‘యాక్టివేషన్’ అనే తతంగం ఇంటింటికీ వచ్చింది. వ్యవస్థ తాను ఏ యంత్రంలో ఉన్నదో గుర్తుపెట్టుకొంటుంది. యంత్రం బాగా మారిపోతే మళ్ళీ అనుమతి అడుగుతుంది. కంప్యూటరుతోపాటే వచ్చే లైసెన్సు ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. యంత్రం పోతే అదీ దానితోనే సహగమనం చేయవలసిందే. విడిగా కొన్న లైసెన్సును మార్చుకోవచ్చు, నిజమే. కాని మనలో విడిగా కొన్నవారెందరు? 2021లో విండోస్ 11 వచ్చింది, టీపీఎం 2.0 ఉన్న యంత్రాలే కావాలన్నది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. రాయడానికీ చదవడానికీ చక్కగా పనికివచ్చే పెట్టెలు ఆనాటితో ముసలివైపోయినవి. అక్కడ ఇల్లు ఒకరిది, సామాను మనది. ఎప్పుడు ఖాళీ చేయవలెనో ఇంటివారే చెబుతారు. అటువంటిచోట “మళ్ళీ వేసుకోండి” అన్న మాటకు అర్థమున్నది.

లినక్స్ సంగతి అది కాదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రకటించిన ఆ కెర్నెల్, 1992లో గ్నూ సార్వజనిక లైసెన్సు క్రిందికి వచ్చింది. నకలు తీసుకో, మార్చుకో, ఇతరులకు ఇయ్యి అని చెప్పే ఆ పత్రంలో ‘ఏ యంత్రంలో?’ అన్న ప్రశ్నే లేదు. ఇది న్యాయసంబంధమైన కారణం. సాంకేతిక కారణం మరింత గట్టిది. యంత్రభాగాలను నడిపే డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌తోపాటే మాడ్యూళ్ళ రూపంలో వస్తవి. మీట నొక్కిన ప్రతిసారీ కెర్నెల్ ఎదుట ఏ భాగాలున్నవో చూచి, వాటికి తగిన మాడ్యూళ్ళను పిలుచుకొంటుంది. నిన్నటి యంత్రమా, కొత్త యంత్రమా అన్న పట్టింపు దానికి లేదు.

నమ్మనివారికి ఒక ప్రశ్న. మీరు లినక్స్ స్థాపించడానికి వాడే లైవ్ యూఎస్‌బీ పుల్ల ఒక్కటే కదా? దానినే పది ఇళ్ళలో, పది రకాల కంప్యూటర్లలో పెట్టి నడిపించారు కదా? పుల్లమీద ఉన్న లినక్స్ పది యంత్రాలు తిరిగి రాగలిగినప్పుడు, హార్డుడిస్కులోని లినక్స్ రెండవ యంత్రానికి పోలేదని ఏ తర్కంతో అంటున్నారు?

ఇక నా అనుభవం. 2024 వానాకాలంలో ఇక్కడ చౌటుప్పల్‌లో మా ఇంటి కంప్యూటరు మదర్‌బోర్డు కాలిపోయింది. హార్డుడిస్కు క్షేమంగా ఉన్నది. బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు నా దగ్గర చదువుకొన్నవాడే. “సార్, అన్నీ కొత్తగనే వేసుకోవాలె సార్. పాత డిస్కు తెచ్చి కొత్తదాంట్ల పెడితె నడువది. ఫోటోలు, ఫైళ్ళు ఉంటె తీసిస్త,” అన్నాడు. వాడి మాటలో మోసమేమీ లేదు, ప్రేమే ఉన్నది. కాని ఆ ‘ఫోటోలు, ఫైళ్ళు’ అన్న రెండు మాటల దగ్గరనే తగాదా అంతా ఉన్నది.

నా యంత్రంలో ఉన్నవి ఫోటోలూ ఫైళ్ళూ మాత్రమే కావు. 2013లో వచ్చిన డెబియన్ 7వ కూర్పుతో మొదలుపెట్టి, చెరపకుండా ఒక్కొక్క మెట్టే ఎక్కించుకొంటూ 12వ కూర్పు దాకా తెచ్చుకొన్న వ్యవస్థ అది. పాఠశాలలో తెలుగు చెబుతూ, పిల్లల ద్వారా వారి నాయనమ్మల నోటినుండి సేకరించిన మాటల పట్టిక అందులో ఉన్నది. వ్యవసాయపు మాటలు, మగ్గపు మాటలు, తిట్లు, లాలిమాటలు. ఆ మాటలను ఉచ్చరించినట్లే రాయవలెనంటే దంత్య చ, దంత్య జ కావాలి. ౘలి, ౙొన్న అని రాయగలగాలి. చిన్నయసూరి చెప్పిన నియమం ప్రకారం మా ఊరి పేరులోని మొదటి అక్షరమే దంత్యం! ఈ ౘ, ౙ లకు యూనికోడులో చోటు దొరికినది 2008లో, 5.1వ కూర్పుతో. చోటు దొరికినంత మాత్రాన వేళ్ళకు అందవు కదా. ఐబస్‌లో పనిచేసే ఎం17ఎన్ పట్టిక ఒకటి నేనే రాసుకొని, ఈ అక్షరాలనూ అరసున్ననూ శకటరేఫనూ నా చేతివాటానికి తగినట్లు అమర్చుకొన్నాను.

“సరే మాస్టారూ, హోమ్ సంచయాన్ని నకలు చేసుకొంటే సరిపోతుంది కదా” అంటారు మన మిత్రులు. సరిపోదు. నా మీటల పట్టిక ఉన్నది యూఎస్‌ఆర్ షేర్‌లో. సేకరించిన ఖతులు యూఎస్‌ఆర్ లోకల్‌లో. పాత ఖతులలో కూర్చిన వ్యాసాలను యూనికోడుకు మార్చే చిన్న పనిముట్టు కూడా అక్కడే. ముద్రణయంత్రపు అమరిక ఈటీసీలో. రాత్రి పదకొండింటికి తనంతట తానే నకలు తీసే ఏర్పాటు వార్‌లో. ఇంటిని తరలిస్తున్నామని చెప్పి పడకగది సామాను మాత్రమే బండికెక్కించి, వంటిల్లూ పెరడూ వదలి రమ్మంటే ఎట్లా? వదలివచ్చినవేమిటో అవసరం పడేదాకా గుర్తుకు రావు. గుర్తుకు వచ్చేనాటికి పాత డిస్కు ఎవరి పాలయి ఉంటుందో!

పద్ధతి చెప్పకుండా వాదం చేయడం పండితులకు తగదు గనుక క్లుప్తంగా చెబుతాను. పాత డిస్కు కొత్త పెట్టెలో పట్టితే దానినే బిగించి చూడవచ్చు. పట్టకపోయినా, వేగవంతమైన కొత్త డిస్కు కావాలన్నా, లైవ్ పుల్లతో యంత్రాన్ని లేపి, కొత్త డిస్కుమీద విభాగాలు చేసి, పాతదానిని ఒక యూఎస్‌బీ తొడుగులో పెట్టి పక్కన తగిలించాలి. ఆర్‌సింక్ అనే పనిముట్టుతో, యాజమాన్యాలూ అనుమతులూ లంకెలూ చెడకుండా, మొత్తం వ్యవస్థను నకలు చేయాలి. ప్రాక్, సిస్, డెవ్, రన్, టీఎంపీ అనే అయిదింటి లోపలి సరుకును వదలిపెట్టాలి. అవి వ్యవస్థ నడుస్తున్నప్పుడు పుట్టి ఆగినప్పుడు పోయేవి. కాని ఖాళీ సంచయాలుగా అవి అక్కడ ఉండాలి. తరువాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్ దస్త్రంలో పాత విభాగాల యూయూఐడీ సంఖ్యలు తీసి కొత్తవి రాయాలి. సీహెచ్‌రూట్ ద్వారా ఆ నకలులోకి ప్రవేశించి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రారంభ దస్త్రాన్ని తిరిగి కట్టించి, గ్రబ్‌ను మళ్ళీ స్థాపించాలి. అంతే. ఆర్‌సింక్‌కు పట్టిన సమయం పోగా నాకు పట్టినది ఒక సాయంకాలం, రెండు కప్పుల చాయ. తెరమీద నా వ్యవస్థ లేచినప్పుడు కుర్రవాడు “గదే వచ్చింది సార్!” అన్నాడు. గదే రావాలి మరి.

చిక్కులు లేవని నేననను. ఉన్నచోట ఉన్నవని చెప్పడం న్యాయం. పాతది బయోస్‌తో, కొత్తది యూఈఎఫ్‌ఐతో లేచేదైతే ప్రత్యేకంగా ఒక చిన్న ఈఎఫ్‌ఐ విభాగం కావాలి, గ్రబ్‌లో ఆ రకమే స్థాపించాలి. ఎన్‌విడియావారి సొంత డ్రైవరు వాడుతున్నవారు బయలుదేరే ముందే దానిని తీసివేయడం మేలు. డెబియన్, ఉబుంటులలో ప్రారంభ దస్త్రం సాధారణంగా నానారకాల యంత్రాలకు పనికివచ్చేట్లే తయారవుతుంది. ఫెడోరాలో అది ఉన్న యంత్రానికి కుదించి తయారవుతుంది గనుక అక్కడ రెస్క్యూ వాకిలిగుండా ప్రవేశించి తిరిగి కట్టించుకోవాలి. నెట్‌వర్కు తీగ పేరు మారవచ్చు. ఇంటెల్ రకపు యంత్రంనుండి ఆర్మ్ రకపు యంత్రానికి ఈ పద్ధతి చెల్లదు. అక్కడ నిజంగానే మళ్ళీ వేసుకోవాలి. పాత యంత్రాన్ని కూడా వాడుకొంటామంటే, రెండింటికీ ఒకే పేరు, ఒకే మెషిన్ ఐడీ లేకుండా చూచుకోవాలి. ఇంతకు మించిన బ్రహ్మవిద్య ఏదీ లేదు. పుస్తకంలో నాలుగు తప్పొప్పులు దిద్దవలసి వచ్చిందని పుస్తకమే తగులబెట్టి మళ్ళీ రాయమనడం ఏ పరిష్కర్త పద్ధతి?

ఇంకొక వాదమున్నది: “మళ్ళీ వేసుకొంటే శుభ్రంగా ఉంటుంది, అరగంట పని.” అరగంటలో అయ్యేది స్థాపన. ఆ అరగంట తరువాత వచ్చే ఆరునెలల సంగతో? ఇక్కడొక ఖతి లేదు, అక్కడొక మీట పలకదు, ఫలానా అమరిక ఎక్కడ చేశామో గుర్తులేదు. యువకులకు అది ఆటవిడుపు కావచ్చు. అరవై దాటినవారికి, కంప్యూటరును కలంగా మాత్రమే ఎరిగినవారికి, ఆ ఆరునెలలలో రాయవలసినది రాయకుండా పోతుంది. కొందరు మళ్ళీ లినక్స్ ముఖమే చూడరు. ‘శుభ్రం’ అన్న మాటకు అసలు అర్థం ఇల్లు ఊడ్చుకోవడమే గాని, ఇల్లు కూల్చుకోవడం కాదు. అక్కరలేని ప్యాకేజీలుంటే తీసివేయండి, ఎవరు కాదన్నారు?

“అన్నీ మేఘంలోనే ఉన్నవి, డిస్కుతో పనేమి” అనే అధునాతనులకు ఒక్క జ్ఞాపకం. 2009లో జియోసిటీస్ మూతపడ్డది. 2020 డిసెంబరులో యాహూ గ్రూపులు మూతపడ్డవి. మనలో ఎందరో తెలుగులో చర్చ చేయడం నేర్చుకొన్నది ఆ అరుగులమీదనే. మేఘం వానకురిసినా కురవకపోయినా మన అదుపులో ఉండదని ఈ నల్లగొండ మెట్టసీమ రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

మిత్రులారా, ఈ మాటలు మీకు ఎందుకు చెబుతున్నానంటే, తరలింపు విలువ మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2000ల దశకంలో మనం చేసిన పోరాటమంతా దానికోసమే కదా. ఆనాడు ఒక్కొక్క పత్రిక పుటకు ఒక్కొక్క ఖతి. ఆ ఖతి లేని యంత్రంలో తెలుగు వ్యాసం పిచ్చిగీతల కుప్ప. “అక్షరం ఏ యంత్రానికి పోయినా అక్షరంగానే ఉండాలి” అని మనం పట్టుబట్టినాము. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్‌తోనో, లేఖినితోనో, ఇన్‌స్క్రిప్టుతోనో, ఎట్లాగైనా సరే యూనికోడులోనే రాశాము. దేశికాచార్యులవారి పోతన, వేమన ఖతులను డెబియన్ తన ప్యాకేజీలలో చేర్చుకొన్నది. ‘స్వేచ్ఛ’వారు హైదరాబాదునుండి తెలుగు లినక్స్ కోసం శ్రమించారు. ఇవన్నీ ఒకరి గడపలో కట్టుబడిపోకుండా ఉండడానికి చేసిన పనులు. అక్షరానికి ఆ హక్కు సాధించి, ఆ అక్షరాన్ని రాసే సామగ్రికి మాత్రం “యంత్రం పోతే నువ్వూ పో” అంటామా?

మాకు పొరుగున పోచంపల్లి ఉన్నది. అక్కడి నేతగాడు ఒక పడుగు అయిపోయినంత మాత్రాన అచ్చును ఊడదీసి మొదటినుండి ఎక్కించుకోడు. అచ్చులో మిగిలిన పాత పోగుల కొనలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతాడు. అది ఓపికతో కూడిన పనే. కాని ఆ అతుకువల్లనే పాత అమరిక చెడకుండా కొత్త బట్ట మొదలవుతుంది. వందలాది పోగులను వేళ్ళతో అతకగల ప్రాంతంలో ఉండి, ఒక దస్త్రంలో రెండు యూయూఐడీలు దిద్దలేమని చేతులెత్తేయడం మనకు నామోషీ.

మీ యంత్రం పోకముందే ఒక పని చేయండి. మీ వ్యవస్థలో మీరు స్వయంగా చేర్చినవి, దిద్దినవి ఏ సంచయంలో ఉన్నవో ఒక కాగితంమీద రాసి పెట్టుకోండి. ఒక లైవ్ పుల్ల, ఒక యూఎస్‌బీ తొడుగు సిద్ధంగా ఉంచుకోండి. కొత్త కంప్యూటరు కొనేనాడు ధరా వేగమూ అడిగిన తరువాత, “ఇందులో ఉన్నదంతా రేపు ఇంకొక పెట్టెలోకి తీసుకొనిపోవచ్చునా?” అని కూడా అంగడివానిని అడగండి. వాడు తెల్లముఖం వేస్తే వేయనీయండి. సమాధానం వాడికి తెలియకపోయినా మీకు తెలిసి ఉంటే చాలును.