మానినవాడికి పని కావాలి, సీసా కాదు

తాగుడు గురించి మన సంఘం ఇన్నాళ్లూ గట్టిగా మాట్లాడలేదు. దానికి కారణం ఉంది. అప్పులపాలైన రైతు ప్రాణం తీసుకుంటే, విచారణకు వచ్చినవాళ్లు "తాగేవాడా?" అని అడుగుతారు. ఇంట్లోవాళ్లు అవునంటే అప్పు కాగితాలు పక్కకు పోతాయి, పరిహారానికి అడ్డం పడుతుంది. అందుకే ఆ మాటే ఎత్తకూడదనుకున్నాం. మన మౌనంతో పరిహారమూ పెరగలేదు, తాగుడూ తగ్గలేదు. నష్టపోయింది మానాలనుకున్నవాళ్లే.

పామిడి చుట్టుపక్కల మన సభ్యుల్లోనే మానినవాళ్లున్నారు. మానడం కన్నా ఆ తర్వాతి మూడు నెలలే కష్టమంటున్నారు వాళ్లు. మొదటి రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అది డాక్టరు చూడాల్సిన సంగతి. గుడిలో ఒట్టు వేయించినంత మాత్రాన, గదిలో పెట్టి తాళం వేసినంత మాత్రాన తీరేది కాదు. ఆ గండం దాటాక నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తుంది. సరిగ్గా అప్పుడే చేతిలో పని ఉండదు.

ఎందుకుండదు? "రేపు వస్తాడో రాడో" అని మనమే పిలవం. గుత్తకు చేను ఇవ్వం. శనక్కాయ పీకే రోజుల్లో పిలిచినా, సాయంత్రం కూలితో పాటు క్వార్టర్ చేతిలో పెడతాం. బోరు వేసినా, లారీకి లోడు ఎత్తినా సీసా ఉండాల్సిందే. వద్దన్నవాణ్ణి చూసి "ఎన్నాళ్లులే నీ వేషం" అని నవ్వుతాం. మానినవాణ్ణి మళ్లీ తాగిస్తున్నది అంగడి ఒక్కటే కాదు, మనం కూడా.

ఇంటి సంగతీ చెప్పుకోవాలి. అతను తాగినన్నాళ్లూ నైటీలు కుట్టి, ఉపాధి పనికి పోయి, డ్వాక్రా కంతులు కట్టి ఇల్లు నిలబెట్టింది ఆమె. నెల రోజులు మానగానే పెత్తనం తనకిమ్మంటే ఆమె ఇవ్వదు. ఇవ్వకపోవడమే న్యాయం. అడుగుల చప్పుడుకే దాక్కున్న పిల్లలు నెలకే దగ్గరకు రారు. "మానేశాను కదా, ఇంకేం కావాలి" అని కసిరితే లాభం లేదు. పోగొట్టుకున్న నమ్మకం బాకీ లాంటిది, కంతుల్లోనే తీరుతుంది.

ఇక ప్రభుత్వం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరు 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారాను మూయించింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను ప్రైవేటుకిచ్చి, 99 రూపాయలకే క్వార్టర్ తెచ్చారు. తాగించడానికి ఇంత పకడ్బందీ విధానం ఉంది. మానినవాడు మాత్రం బస్సెక్కి అనంతపురం పోవాలి. అతని కూలీ పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది.

అందుకే డిమాండ్ చేస్తున్నాం: మద్యం ఆదాయంలో కొంత భాగం తీసి మండలానికి దగ్గర్లోనే చికిత్స పడకలు పెట్టాలి, మందులు ఉచితంగా ఇవ్వాలి. చికిత్స నుంచి వచ్చినవాడికి ఉపాధి హామీ పని వెంటనే చూపాలి. తాగుడు సాకుతో ఏ రైతు కుటుంబానికీ పరిహారం ఎగ్గొట్టకూడదు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన వంతు మనం చేద్దాం. సభ్యుల పొలాల్లో కూలి డబ్బుగానే ఇద్దాం, సీసాగా వద్దు. మానినవాణ్ణి మొదటి పిలుపులోనే పనికి పిలుద్దాం. ఒకసారి జారితే "చూశారా" అనకుండా మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోదాం. సలహా కావాలంటే 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

శనక్కాయకు ఊడలు దిగేటప్పుడు వాన తప్పితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మానినవాడికి ఈ మూడు నెలలు అలాంటివే. అప్పుడు చేయి అందించలేని సంఘం ఇంకెందుకు?