వడ్లు పోసి అన్నం వండమంటే ఎలా?

దసరా సెలవులకు ముందు ఒక ఆదివారం హాస్టల్‌కు వెళ్ళాను. పదో తరగతి తమ్ముళ్ళు నలుగురు సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు ముందు దిగాలుగా కూర్చున్నారు. సీనియర్ ఒకాయన ఇచ్చిన పాత రాస్ప్‌బెర్రీ పై జీరో బోర్డు అది. మెమరీ కార్డు మాత్రం కాస్మెటిక్ చార్జీల్లో మిగిల్చుకుని కొన్నారు. పొద్దున పిప్‌తో ఓపెన్‌సీవీ ఇన్‌స్టాల్ చేయమని కొడితే సాయంత్రానికి తెరమీద ‘కిల్డ్’ అని ఒక్క మాట వచ్చి ఆగిపోయింది. “బోర్డు పోయినట్టుంది అన్నా, అయినా ఇవన్నీ మనకు రావులే” అన్నాడు ఒకడు.

బోర్డు పోలేదు. తమ్ముడికి రాకపోవడమూ కాదు. ఆ రెండో మాట విన్నందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

నంపై, ఓపెన్‌సీవీ వంటి మాడ్యూళ్ళలో చాలా భాగం సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ఉంటుంది. ఆ సోర్సు వడ్ల లాంటిది. కంపైల్ చేస్తేనే బియ్యం. మరపట్టిన బియ్యం మూటను పైథాన్‌లో ‘వీల్’ అంటారు. ఒక్కో ప్రాసెసర్‌కు, ఒక్కో పైథాన్ వెర్షన్‌కు వేరే మూట. వీల్ ఫైలు పేరు చివర చూడండి, సీపీ311 అంటే పైథాన్ 3.11కి, ఆర్మ్‌వీ7 అంటే ఆ రకం ప్రాసెసర్‌కు. మన వాళ్ళు కొత్త పైథాన్‌ను విడిగా వేసుకున్నారు. దానికి తగిన వీల్ దొరక్క పిప్ చడీచప్పుడు లేకుండా వడ్లు దింపుకుని దంచడం మొదలుపెట్టింది. 512 ఎంబీ మెమరీ ఉన్న బోర్డు ఎంతసేపు దంచుతుంది? మెమరీ చాలక లినక్సే ఆ పనిని చంపేసింది.

స్వాప్ పెంచి రాత్రంతా కంపైల్ చేస్తేనే విద్య వస్తుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఒకసారి సరదాకు చేయండి, ప్రాజెక్టు గడువు నెత్తిమీద ఉన్నప్పుడు వద్దు. సిస్టంతో వచ్చిన పైథాన్‌నే ఉంచుకుని, ఏప్ట్‌తో పైథాన్3-ఓపెన్‌సీవీ వేసుకుంటే చాలు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ బయట పిప్ వాడబోతే సిస్టమే అడ్డుపడుతోంది. కోప్పడకండి, మన మంచికే. ఎన్విరాన్‌మెంట్ తయారుచేసేటప్పుడు సిస్టం ప్యాకేజీలు కూడా కనబడేలా చెబితే సరి. ఏప్ట్‌లో లేనివాటికి 32 బిట్ రాస్ప్‌బెర్రీల కోసం ‘పైవీల్స్’ ఉంది. 64 బిట్‌కు పైపీఐలోనే చాలా వీల్స్ దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: జీరో మొదటి రకం ఆర్మ్‌వీ6. ఆర్మ్‌వీ7 కోసం కట్టింది దానిమీద ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని పడిపోవచ్చు.

ఆ రోజు రాత్రి భోజనం బెల్లు కొట్టేలోపు వాళ్ళ కెమెరా బొమ్మ చూపించింది. అంతా నా ఫోను డేటా మీదే.

అసలు చిక్కు అక్కడే ఉంది. పూర్వ విద్యార్థులం ఏటా పళ్ళాలు, నోటు పుస్తకాలు ఇస్తున్నాం. మంచిదే. దాంతోపాటు ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వలేమా? అదే రకం బోర్డుమీద, అదే పైథాన్‌తో ‘పిప్ డౌన్‌లోడ్’ చేసి వీల్స్ అందులో పెడితే, పిల్లలు నెట్ లేకుండా ఆ ఫోల్డరులోంచే వేసుకుంటారు. ఈ వార్షికోత్సవానికి నేను 32 బిట్‌ది తెస్తున్నాను. 64 బిట్‌ది ఎవరైనా తెండి.